ప్రయాణములో అడవి పూలు: వాని ఆనవాలు

వానకాలము చివరి దినములలో హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి, ఊళ్లు దాటిన కొలదియు దారి కిరువైపుల పసుపువన్నె పూలు కనబడుచునే యుండును. కల్వకుర్తి దాటి డిండి సమీపించువరకు ఈ వన్నె తగ్గదు. ప్రయాణికులలో చాలమంది దానిని చూచి సంతోషింతురు, ఏవో పిచ్చిపూలు అందురు, అంతటితో సరి. కాని ఆ పసుపు ఒక్క మొక్కది కాదు. మొరపనేలల గట్ల మీద గుబురుగా నున్నది తంగేడు. దారిప్రక్క పల్లములో మోకాలెత్తున పెరిగినది తగిరిస. ఊరి చివర పెంటకుప్పల చెంత నిలిచినది కసివింద కావచ్చును. మూడింటికిని పూవు పసుపే, మూడింటికిని ఆకర్షణపత్రములు ఐదే, మూడును ఒకే ప్రజాతికి చెందినవే. అయినను ఒకటి పండుగ పూవు, ఒకటి పేదవాని కూరాకు, మూడవదాని గింజ పిల్లల ప్రాణము తీయగలది.

అందుచేత ప్రయాణములో పూవును గుర్తింపదలచిన వాడు మొదట మానుకొనవలసిన అలవాటు రంగును నమ్ముట. కంటికి ముందుగా తగులునది రంగే; మొక్కను గూర్చి అన్నిటికంటె తక్కువ చెప్పునదియు రంగే.

తంగేటినే తీసికొందము. ఇది తెలంగాణ రాష్ట్రపుష్పము. బతుకమ్మ పేర్పులో దీనికి పెద్దపీట. బస్సు ఆగినచోట దిగి ఒక కొమ్మను వంచి చూచినచో మొదట ఆకును గమనింపవలెను. అది సంయుక్తపత్రము, ఈనెకు రెండువైపుల ఎనిమిది నుండి పండ్రెండు జతల పత్రకములుండును. ఆకుకాడ మొదట, అది కొమ్మను అంటుకొను తావున, చెవి ఆకారముగల రెండు చిన్న ఆకులవంటివి కనబడును. ఇవి పుచ్ఛములు. ఇంత పెద్ద పుచ్ఛములు తగిరిసకు గాని కసివిందకు గాని లేవు. ఆరిక్యులేటా అను దాని శాస్త్రనామమునకు చెవులు కలది అనియే అర్థము. ఇక పూవులో కేసరములు పది. అందు పైనున్న మూడు పొట్టివి, పుప్పొడి లేనివి. మిగిలిన ఏడింటిలోనే పుప్పొడి యుండును. ఆ పుప్పొడి తిత్తులు ఇతర పూలలోవలె నిలువున చీలవు. కొనయందలి చిన్న రంధ్రముల గుండ మాత్రమే పొడి రాలును. తంగేటిపూవులో తేనె లేదు. దానిపై వ్రాలిన పెద్ద నల్లతుమ్మెద రెక్కల కండరములతో ఝుమ్మని పూవును అదరగొట్టగా, ఉప్పుడబ్బీ నుండి ఉప్పు రాలినట్లు పుప్పొడి దాని పొట్టమీద రాలును. తంగేటి పొద దగ్గర రెండు నిమిషములు నిలిచినవారికి ఈ ఝుంకారము తుమ్మెద ఎగురునప్పటి రొద కంటె వేరైన స్థాయిలో వినబడును. దీనిని చూపుటకు ప్రయోగశాల అక్కరలేదు.

తగిరిసకు పత్రకములు సాధారణముగా మూడు జతలే. కొన వెడల్పుగా, గుండ్రముగా నుండును. కాయ సన్నగా, జానెడు వరకు పెరిగి వంగియుండును. దీని లేతయాకును చాల పల్లెలలో కూర వండుకొందురు. తంటెము అనియు అందురు. కసివిందకు పత్రకములు మూడు నుండి ఆరు జతలు. కొనలు మొనదేలి యుండును. నలిపినచో వెగటు వాసన. కాయ బల్లపరుపుగా, ఇంచుమించు తిన్నగా నుండును. పశ్చిమ ఉత్తరప్రదేశములో చలికాలము రాకముందు చిన్నపిల్లలకు వచ్చుచుండిన ఒక మరణాంతక వ్యాధిని వైద్యులు చాలకాలము మెదడువాపు జ్వరమనుకొనిరి. ఆ పిల్లలు కసివింద కాయలు వలిచి గింజలు తినిరనియు, ఆ విషము కాలేయమును, కండరములను, మెదడును ఒక్కమారే దెబ్బతీసినదనియు 2007 ప్రాంతమున వెల్లడియైనది. పత్రకముల జతలు లెక్కించుట అనునది పరీక్షకొరకు మాత్రమే నేర్చికొనదగిన పనియని ఎవరైన అనుకొన్నచో, వారికి చెప్పదగిన సంగతి ఇది.

బండి ఆగకున్నను కొన్నింటిని గుర్తింపవచ్చును. గుంటూరు, కృష్ణా మండలములలో రైలుబాటకు ఆనుకొని చెరువులు, కాలువలు విస్తారముగ గలవు. నీటిలో గులాబివన్నె పూవు కనబడగనే తామర యనుట వాడుక. అది కలువయు కావచ్చును, ఎఱ్ఱకలువలును గలవు. ఇక్కడ పూవును విడిచి ఆకును చూడవలెను. తామరాకు గుండ్రముగా, చీలిక లేకుండ నుండును. దాని కాడ ఆకు నడుమ గొడుగు కఱ్ఱవలె అంటుకొనును. ముదిరిన ఆకులు నీటికి పైగా లేచి నిలుచును. కలువ ఆకు నీటిపైననే తేలును. అంచునుండి కాడవరకు ఒక చీలిక యుండును. ఈ ఒక్క గుర్తు గంటకు అరువది మైళ్ల వేగముతో పోవు రైలులో నుండి కూడ తెలిసిపోవును. పూర్వపు వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెండింటిని ఒకే కుటుంబమున చేర్చిరి. నీటిలో కాపురమును, పూవు రూపమును చూచి అట్లు చేయుట సహజమే. కాని జన్యుపదార్థమును పోల్చి చూచినపిమ్మట తామర కలువకు దగ్గరి చుట్టము కాదనియు, చలిదేశములలో వీధుల వెంబడి నాటు ప్లేన్ వృక్షములు దానికి కలువకంటె దగ్గరివనియు తేలినది. ఒకే నీటిలో పెరిగిన రెండు వేరు వంశములు ఒకే రూపు దాల్చినవి.

అదే చెరువులో ఊదావన్నె పూలగుత్తులు నిండుగ కనబడినచో అది గుర్రపుడెక్క. చూచుటకు ముచ్చటయైనదే, దక్షిణ అమెరికా నుండి వచ్చి మన కాలువలను పూడ్చివేయుచున్నది.

రంగు మోసము నీలిపూలలో ఇంకను చక్కగా తెలియును. భాద్రపద మాసమున మెట్టభూముల గట్లపై వెదకినచో మూడు నీలిపూలు ఒక్క పూటలోనే దొరకును. మొదటిది విష్ణుక్రాంత. నేలకు అంటుకొని ప్రాకు ఈ చిన్న మొక్క పట్టువంటి నూగుతో నుండును. వినాయకచవితి నాటి యిరువదియొక్క పత్రులలో దీని పేరు కలదు. పూవు పావలా బిళ్లకంటె చిన్నది. ఆకర్షణపత్రములు ఐదును కలిసిపోయి చిన్న పళ్లెమువలె నుండును. రెండవది దింటెన, అనగా శంఖపుష్పము. కంచెలపై ప్రాకు తీగ. చిక్కుడు కుటుంబమునకు చెందినను ఇది తలక్రిందుగ విరియును. చిక్కుడు పూవులో వెనుకకు పైకెత్తియుండు పెద్దరేకు ఇందు క్రిందివైపునకు వచ్చును. మూడవది వెన్నదేవి. దీని ఆకున సమాంతరమైన ఈనెలు, కాండమును చుట్టియుండు తొడుగు చూడగనే ఇది గడ్డి, అరటి, వెదురు మున్నగు ఏకదళబీజపు మొక్కల తెగకు చెందినదని తెలియును. పూవునకు మూడే రేకులు. రెండు పెద్దవి, ఒకటి చిన్నది. అవి దొన్నెవంటి ఒక మడత ఆకులోనుండి వెలికివచ్చి ప్రొద్దెక్కగనే ముడుచుకొనిపోవును. మధ్యాహ్నపు బస్సు ఎక్కినవారు వెన్నదేవి పూవును చూచుట అరుదు.

ఈ మూడింటికిని నీలిరంగు తప్ప వేరు సంబంధము లేదు. రేకులు విడివిడిగా నున్నవా, కలిసియున్నవా, ఎన్ని, పూవును నిలువున కోసినచో రెండు సమభాగములు ఏ వైపునుండి కోసినను వచ్చునా, ఒక్క వైపునుండియే వచ్చునా, ఆకులు ఎదురెదురుగా నున్నవా, ఒకటి విడిచి ఒకటి యున్నవా: ఈ నాలుగు ప్రశ్నలు వేసికొన్నచో కుటుంబము తెలియుటకు సగము దారి నడచినట్లే. అన్నట్లు, వెన్నదేవిని పెరికినప్పుడు వేళ్లను కడిగి చూడవలెను. మట్టిలో తెల్లని చిన్న మొగ్గలవంటివి యుండును. అవియు పూలే. ఎన్నడును విచ్చుకొనక, వెలుగు చూడక, తమలో తామే ఫలదీకరణము పొంది నేలలోననే గింజకట్టును. పశువులు పైమొక్కను మేసిపోయినను, రైతు కలుపు తీసినను మరుసటి వానకు వెన్నదేవి మరల మొలచుటకు గల రహస్యములలో ఇదియొకటి.

రేకులు లెక్కించుట యందు ఒక చిక్కు కలదు. ఉపాధ్యాయుల నెక్కువగ అడుగునదియు దీనినే. గడ్డిచామంతి పూవును తీసికొని రేకులెన్నియని విద్యార్థి నడిగిన ఐదు అనును. అవి రేకులు కావు. ఒక్కొక్కటియు ఒక పూవు. నడుమ పసుపుగా కనబడు బొడిపెలో మరి యెన్నో పూవులు క్రిక్కిరిసి యుండును. అంచుననున్నవి కిరణ పుష్పకములు, నడుమనున్నవి చక్ర పుష్పకములు. సూదితో ఒకదానిని ఊడదీసి భూతద్దము క్రింద చూచినచో అడుగున అండాశయము, దానిపై వెండ్రుకల కుచ్చు, పైన గొట్టము, ఆ గొట్టములో కేసరములు అన్నియు కనబడును. ఇట్టి గుంపుపూవు గల కుటుంబము ఆస్టరేసీ. బంతి, చామంతి, ప్రొద్దుతిరుగుడు దీనిలోనివే. అరకులోయలో చలికాలపు తొలిదినములలో కొండవాలులన్నియు పసుపుగా మారుట చూచి, అడవి పూవులని తలచి యాత్రికులు చిత్రములు తీసికొందురు. అది అడవి పూవు కాదు. గిరిజన రైతులు నూనెగింజల కొరకు విత్తిన వలిసె పంట. పొలమున నిలబడి ఫొటో దిగువారు త్రొక్కునది ఒకరి జీవనము.

ఈ కుటుంబములోనిదే వయ్యారిభామ. పేరు వయ్యారముగా నున్నను చర్మమునకు దురదలు, కొందరికి ఉబ్బసము తెచ్చు మొక్క. దీని తెల్లని గుంపుపూవు గడ్డిచామంతి పూవుకంటె చాల చిన్నది. ఐదు చిన్న కిరణ పుష్పకములు కనీకనబడకుండ నుండును. గడ్డిచామంతి ఆకులు ఎదురెదురుగా నుండగా, దీని ఆకులు ఒకటి విడిచి ఒకటి యుండి, కారట్ ఆకువలె లోతుగ చీలియుండును. ఇప్పుడు ఈ మొక్క లేని ఊరు లేదు. కాని పూనా నగరములో దీనిని చూచి, ఇది మన దేశపు మొక్క కాదని గుర్తించి, శాస్త్రపత్రికలో 1956లో ప్రకటించినవారు భారత వృక్ష సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రోళ్ళ శేషగిరిరావుగారు. ఆ త్రోవను నడచినవారెందరో ఆ తెల్లపూవును చూచియే యుందురు. చూచుటకును గుర్తించుటకును నడుమ భేద మిట్టిది. ఆ భేదము తెలియవలెనన్న, ఎప్పుడును అక్కడ పెరుగు మొక్కలు ముందుగా పరిచయమై యుండవలెను; తెలిసిన ముఖముల నడుమనే క్రొత్త ముఖము తెలియును.

గునుగు సంగతి కొంచెము వింత. జొన్నచేలలో, పత్తిచేలలో కలుపుగా మొలచు ఈ మొక్కకు కొన తెల్లగ, గులాబివన్నెతో పూవెన్ను వచ్చును. బతుకమ్మలో తంగేటితోపాటు పేర్చునది ఇదియే. తంగేటిపూవు సాయంకాలమునకు వాడగా గునుగు వాడదు. కారణమేమనగా, గునుగుపూవునకు ఆకర్షణపత్రములే లేవు. మెరయునవి కాగితమువలె ఎండియుండు రక్షకపత్రములు. వానిలో మొదటినుండియు తడి తక్కువ, కావున వాడుట యుండదు. మార్గమున ఒక గునుగు వెన్ను పుస్తకములో పెట్టుకొన్నవారికి ఏడాది తరువాత గూడ దాదాపు అదే రూపు కనబడును.

ఇక పేరు. పూవు పేరు ఊరివారి నడిగి తెలిసికొనుట ఉత్తమమైన పద్ధతి. గొల్లవారికి, కూలిపని చేయు స్త్రీలకు తెలిసినన్ని పేర్లు చదువుకొన్నవారికి తెలియవు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు 1781 నుండి సామర్లకోటలో నుండి మన కోస్తా మొక్కలను పరిశీలించినప్పుడు చేసినపని ఇదియే. దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, తెలుగు పేర్లు సేకరించి వ్రాసికొనెను. 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ఆయన గ్రంథములో కోరమాండలు తీరపు మొక్కలు మున్నూరు వర్ణచిత్రములతో గలవు. మన సోమిడ చెట్టు పేరు ఆ విధముగనే సోయ్‌మిడా యను ప్రజాతి నామమై ప్రపంచ వృక్షశాస్త్రమున నిలిచినది. ఆ బొమ్మలు వ్రాసినవారి పేర్లు మాత్రము ఆ గ్రంథముతోపాటు నిలువలేదు.

కాని ఊరి పేరుతో ఆగిపోరాదు. శంఖపుష్పి యనిన ఒక ప్రాంతమున విష్ణుక్రాంత, మరియొక ప్రాంతమున దింటెన, ఉత్తరాది వైద్యుల దృష్టిలో వేరొక కాన్వాల్వులస్ తీగ. బ్రహ్మదండి యను పేరును ఆయుర్వేద గ్రంథములు ఒక మొక్కకు వాడగా, మన పల్లెలలో కొందరు బలురక్కసికి వాడుదురు. ఈ బలురక్కసి మెక్సికో మొక్క. ముండ్లతో నిండిన ఆకులపై తెల్లని చారలు, గిల్లినచో పసుపుపచ్చని పాలు, లేతపసుపు పూవు. గింజలు నల్లగా, గుండ్రముగా అచ్చముగ ఆవాలవలె నుండును. వాని నూనె కలిసిన ఆవనూనె వాడుటచేత ఒళ్లు ఉబ్బి, గుండె బలహీనమై మరణింతురు. 1998లో ఢిల్లీలో ఈ కల్తీవలన 60 మందికి పైగా చనిపోయిరి. పొరబడిన పేరు మందులకొట్టు వరకు పోయినచో జరుగు ముప్పు ఊహించుకొనవచ్చును.

శాస్త్రనామము ఈ చిక్కులేనిది. అయితే అదియు ఎన్నటికిని మారనిది కాదు. పాత పాఠ్యపుస్తకములలో తంగేడు కాసియా ఆరిక్యులేటా. ఇర్విన్, బార్నెబీ యను అమెరికను శాస్త్రజ్ఞులు 1982లో ఆ పెద్ద ప్రజాతిని కేసరముల నిర్మాణము మొదలైన లక్షణములనుబట్టి విడదీయగా తంగేడు సెన్నా అయినది. రేల మాత్రము కాసియాగానే మిగిలినది. పరీక్షలో పాతపేరు వ్రాసిన విద్యార్థికి సున్న వేయుట న్యాయము కాదు.

ఇప్పుడు చేతి ఫోనులో పూవు చిత్రము తీసినచో పేరు చెప్పు సాధనములు వచ్చినవి. అవి మంచి సహాయకులే. వాని తప్పులకు కారణము చాలమట్టుకు చిత్రము తీయువారే. పూవు ముఖము ఒక్కటే, పైనుండి, అందముగా తీయుదురు. తంగేటికిని కసివిందకును పూవు ముఖము ఒక్కతీరే అని ఇంతకుముందే తెలిసినది. కావున పూవును ముందునుండి ఒకటి, రక్షకపత్రములు తెలియునట్లు వెనుకనుండి ఒకటి, ఆకు కాండమున కంటుకొను చోటు ఒకటి, కాయ ఉన్నచో కాయ ఒకటి, మొత్తము మొక్క ఒకటి తీయవలెను. ప్రక్కన ఒక రూపాయి బిళ్ల ఉంచినచో కొలత తెలియును. ఫోను చూపలేని సంగతులు చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను: తేదీ, వేళ, కిలోమీటరు రాయి సంఖ్య, నేల స్వభావము, నలిపిన వాసన, గిల్లినచో పాలు వచ్చునా, అవి ఏ రంగు, ఊరివారు చెప్పిన పేరు. పదింతలు పెద్దగా చూపు భూతద్దము జేబులో నుండుట మేలు.

రుచి చూచుట మాత్రము గుర్తింపు పద్ధతి కాదు. వానకాలమున కంచెలపై మంటలవలె వెలుగు నాభిపూవు ఆరురేకులును వెనుకకు వంగి, పసుపునుండి ఎరుపునకు మారుచు, ఆకుకొన తీగవలె చుట్టుకొని యుండుటచే దూరమునుండియే తెలియును. దాని దుంపలోని కొల్చిసీన్ చిన్న మోతాదులో మందు, కొంచెము మించినచో విషము. ఉమ్మెత్త సంగతి అందరికిని తెలిసినదే. పాలు వచ్చు జిల్లేడు వంటి వానిని గిల్లిన చేతితో కండ్లు తుడుచుకొనరాదు. మన్ననూరు దాటిన పిమ్మట దారి అమ్రాబాదు పులుల అభయారణ్యములో ప్రవేశించును. అక్కడ బండి దిగుటకు అనుమతిలేదు, మొక్కను పెరుకుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఆ భాగమంతయు కిటికీనుండి చూచుటకే.

ఇంటికి చేరిన తరువాత గ్రంథాలయములో పట్టిక తిరుగవేయవలెను. కోస్తా, రాయలసీమ మొక్కలకు గాంబిల్, ఫిషర్ వ్రాసిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథము 1915 నుండి 1936 వరకు భాగములుగ వెలువడినది. తెలంగాణము నాడు ఆ రాజధానిలో చేరనందున దానికి పుల్లయ్యగారు మున్నగువారి తరువాతి గ్రంథములు చూడవలెను. ఇట్టి పుస్తకములలో జంట ప్రశ్నల వరుస యుండును: పత్రకములు మూడు జతలా, అంతకు మించియా, మించినచో పుచ్ఛములు పెద్దవా, చిన్నవా. ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెప్పుకొనుచు పోగా చివరకు ఒక పేరు దగ్గర ఆగును. దారిలో వ్రాసికొనని సంగతిని గూర్చి ప్రశ్న వచ్చినప్పుడే క్రొత్తవారికి చిక్కు; అది తరచుగ కాయను గూర్చిన ప్రశ్నయే యగును, ఏలనన పూవు చూచిన నాటికి కాయ పండి యుండదు. అందులకే కిలోమీటరు రాయి సంఖ్య వ్రాసికొనుట. దసరాకు పోవునప్పుడు చూచిన పొదనే సంక్రాంతికి పోవునప్పుడు మరల చూచినచో, ఎండి గలగలలాడు కాయలు అక్కడనే యుండును.